పాత కంప్యూటరులో లినక్స్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విండోస్ 10కు మద్దతు ముగియడం గురించి ఈ శీర్షికలో రాసినప్పటి నుంచి తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులు వరుసగా ఉత్తరాలు పంపుతున్నారు. విండోస్‌కు బదులుగా రుసుము లేకుండా వేసుకోగల ఆపరేటింగ్ సిస్టము (కంప్యూటరును నడిపించే మూల సాఫ్ట్‌వేరు) లినక్స్ గురించి వచ్చిన వాటిలో ఎక్కువ మందికి ఉపయోగపడే ప్రశ్నలను ఈ నెల తీసుకున్నాము.

ప్రశ్న: అయ్యా, తిరుపతి గాంధీ రోడ్డు దగ్గర నాకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, ఉత్సవాల ఆహ్వానాలు అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో తయారు చేస్తాము. రెండు కంప్యూటర్లు ఉన్నాయి. అవి విండోస్ 11కు పనికిరావు, కొత్తవి కొనండని సర్వీసు చేసే అబ్బాయి చెప్పాడు. లినక్స్ వేసుకుంటే ఖర్చు తప్పుతుందని మా మేనల్లుడు అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరూ చెప్పినది నిజమే, కానీ మీ వృత్తిలోని అసలు చిక్కు ఇద్దరి దృష్టికీ రాలేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణంగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. వ్యక్తిగత వినియోగదారులు విడిగా నమోదు చేసుకుంటే మాత్రం 2026 అక్టోబరు 13 వరకు అందుతాయి. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం, ఇంటెల్ ప్రాసెసరు అయితే దాదాపుగా ఎనిమిదో తరానిది గానీ ఆ తరువాతది గానీ ఉండాలి. అంతకు ముందరి యంత్రాలు చెడిపోయినవి కావు. నిన్నటిదాకా పని చేసిన కంప్యూటరును ఈ ఒక్క కారణంతో పాత సామాన్ల దుకాణానికి చేర్చవద్దని మీకు గట్టిగా చెబుతాను.

చిక్కు ఫాంట్ల దగ్గర ఉంది. ప్రతి భాషలోని అక్షరాలకూ వాటివైన సంకేతాలు కేటాయించే యూనికోడ్ అనే పద్ధతిలో అను ఫాంట్లు లేవు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాలలో తలకట్లను, గుణింతపు గుర్తులను, ఒత్తులను ముక్కలు ముక్కలుగా కూర్చి, వాటిని పక్కపక్కన పేర్చి తెలుగు అక్షరంగా చూపించే పద్ధతి అది. అందుకే ఆ ఫాంటు లేని కంప్యూటరులో మీ ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. ఆ ఫాంట్లతో టైపు చేయడానికి మీరు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ కోసం తయారైనది. పేజ్‌మేకర్‌ను 7.0 తరువాత అడోబీ ముందుకు తీసుకువెళ్ళలేదు, యూనికోడ్ తెలుగు దానికి అర్థం కాదు. లినక్స్‌లో బొమ్మలు గీసే లిబ్రే ఆఫీస్ డ్రా, పేజీలు కూర్చే స్క్రైబస్ అనే ప్రోగ్రాముల కొత్త వెర్షన్లు పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరవగలిగినా, పేజీ అమరిక చెదిరే అవకాశం ఉంది, లోపలి తెలుగు మాత్రం ఆ పాత సంకేతాలలోనే మిగిలిపోతుంది. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే వైన్ అనే సాఫ్ట్‌వేరు 1993 నుంచి ఎదుగుతూ వచ్చింది, చాలా ప్రోగ్రాములకు అది బాగానే సరిపోతుంది. కానీ కీబోర్డుకూ ప్రోగ్రాముకూ మధ్య నిలబడి పని చేసే స్క్రిప్ట్ మేనేజరును దాని మీద నడిపిస్తూ, సాయంత్రానికి శుభలేఖలు ఇస్తానని గిరాకీకి మాట ఇవ్వమని నేను సలహా ఇవ్వలేను.

కాబట్టి రెండు కంప్యూటర్లనూ ఒకేసారి మార్చకండి. ఒకదానిలో విండోస్‌ను, పేజ్‌మేకర్‌ను అలాగే ఉంచి, ఇంటర్నెట్ తీగ తీసివేసి, వైఫై ఆపి, పాత ఫైళ్ళు తెరవడానికి మాత్రమే వాడండి. గిరాకీలు తెచ్చే పెన్‌డ్రైవులను దానికి పెట్టకుండా, ముందుగా రెండో కంప్యూటరులో తెరచి చూసి, కావలసిన ఫైలును మాత్రమే మీ సొంత పెన్‌డ్రైవులో దానిలోకి పంపండి. రెండో కంప్యూటరులో లినక్స్ రకాలలో ఒకటైన లినక్స్ మింట్ వేసి, కొత్తగా వచ్చే పనులను యూనికోడ్‌లో మొదలుపెట్టండి. 2024లో వచ్చిన మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు ఉంటాయి; 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది.

టైపింగు గురించి మీరు భయపడనక్కరలేదు. లినక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ అనే సాధనాల ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ అనే కీబోర్డు లేఅవుట్లతో (అక్షరాల అమరికలతో) పాటు మీ వేళ్ళకు అలవాటైన యాపిల్ లేఅవుటు కూడా దొరుకుతుంది. ఒకటి రెండు గుర్తుల స్థానాలు తేడాగా అనిపించవచ్చు, అలవాటు కావడానికి కొన్నాళ్ళు పడుతుంది. ఫాంట్ల విషయంలో మనకు నిజంగా మంచి రోజులు వచ్చాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించి స్వేచ్ఛా లైసెన్సుతో (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకునే అనుమతితో) అందించిన పోతన, వేమన ఫాంట్లు ఉన్నాయి. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన రామభద్ర, మండలి, గిడుగు, సురవరం, పెద్దన, తిమ్మన వంటి ఫాంట్లను గూగుల్ ఫాంట్స్ నుంచి రుసుము లేకుండా తీసుకుని, అమ్మకపు పనులకు కూడా వాడుకోవచ్చు. వాటిలో మన శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరుతో ఉన్న ఫాంటు శీర్షికలకు ఎంతో అందంగా ఉంటుంది. అయితే అను ఫాంట్లలో ఉన్నన్ని రకాలు యూనికోడ్‌లో ఇంకా లేవన్నది వాస్తవం. గిరాకీ ఫలానా అక్షరమే కావాలని పట్టుబడితే పాత యంత్రం దగ్గరకు వెళ్ళవలసిందే.

శుభలేఖ వంటి ఒక పేజీ పనికి ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాము చాలు, తెలుగు ఒత్తులు దానిలో చక్కగా కుదురుతాయి. రంగులను నాలుగు ప్లేట్లుగా విడదీసి ఆఫ్‌సెట్ ప్రెస్సుకు పంపవలసిన పనికి మాత్రం స్క్రైబస్ వాడండి, ఎందుకంటే ఇంక్‌స్కేప్ ఆ విషయంలో బలహీనం. స్క్రైబస్‌లో తెలుగు వంటి లిపులు సరిగా కుదరడం 1.5 వరుసలో మొదలై, 2024 జనవరిలో వచ్చిన 1.6తో స్థిరపడింది, అంతకు ముందరి 1.4 వెర్షను మీకు పనికిరాదు. చివరగా ప్రింటరు. మన ఊళ్ళలోని డీటీపీ దుకాణాలలో విరివిగా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 తన సొంత క్యాప్ట్ పద్ధతిలో పని చేస్తుంది కనుక లినక్స్‌లో దాన్ని అమర్చడం శ్రమతో కూడిన పని. హెచ్‌పీ ప్రింటర్లలో చాలా వాటికి ఈ ఇబ్బంది ఉండదు. మింట్‌ను పెన్‌డ్రైవు నుంచే నడిపించి, మీ ప్రింటరు, స్కానరు పని చేస్తున్నాయో లేదో చూసుకున్న తరువాతే హార్డ్ డిస్కులోకి ఎక్కించండి. ముహూర్తాల కాలంలో ఈ పని పెట్టుకోకండి. ఆషాఢం దీనికి మంచి సమయం.

ప్రశ్న: చిత్తూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. దాతలు ఇచ్చిన పాత కంప్యూటర్లలో లినక్స్ వేయాలనుకుంటే ఉబుంటు, మింట్, ఫెడోరా, కేడీఈ, గ్నోమ్ అని ఎన్నో పేర్లు వినిపించి గందరగోళంగా ఉంది. ఒకే పనికి ఇన్ని ఎందుకు? దేన్ని ఎంచుకోవాలి?

జవాబు: మీరు విన్న పేర్లలో మొదటి మూడూ పూర్తి ఆపరేటింగ్ సిస్టములు, చివరి రెండూ తెర మీద కనిపించే డెస్క్‌టాప్ పరిసరాలు. ఇన్ని ఉండడానికి కారణం, నచ్చనప్పుడు విడిపోయి వేరే దారి పట్టే హక్కు ఈ సాఫ్ట్‌వేరు లైసెన్సులోనే ఉండడం. 1996లో మథియాస్ ఎట్రిచ్ కేడీఈని మొదలుపెట్టినప్పుడు, అది ఆధారపడిన క్యూటీ అనే భాగానికి పూర్తి స్వేచ్ఛా లైసెన్సు లేదని అభ్యంతరపడినవారు 1997లో గ్నోమ్‌ను ప్రారంభించారు. 2011లో గ్నోమ్ 3 తెర అమరికను సమూలంగా మార్చినప్పుడు, అదే సమయంలో ఉబుంటు యూనిటీ అనే తన సొంత రూపానికి మారినప్పుడు, పాత పద్ధతికి అలవాటు పడినవారు నొచ్చుకున్నారు. గ్నోమ్ 2ను కొనసాగించే మేట్ అనే డెస్క్‌టాప్, మింట్ బృందం తయారు చేసిన సినమన్ అనే డెస్క్‌టాప్ ఆ అసంతృప్తి నుంచే పుట్టాయి. ఉబుంటు కూడా 2017లో యూనిటీని విడిచి గ్నోమ్‌కు తిరిగి వచ్చింది. బయటివారికి ఇది వృథా ప్రయాసగా కనిపించవచ్చు గానీ, కోట్లాది మంది ఇష్టాయిష్టాలను ఒక కంపెనీ నిర్ణయానికి వదిలివేయడం కంటే ఇదే మేలని నా అభిప్రాయం.

మీ పాఠశాలకు మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో వచ్చే ఎడిషన్ తీసుకోండి. అన్ని యంత్రాలలో ఒకటే ఉండాలి, లేకపోతే పిల్లలకు చెప్పడం మీకు కష్టమవుతుంది. డబ్బు ఏ కొంచెం సమకూరినా పాత హార్డ్ డిస్కు తీసి, దాని కంటే వేగంగా పని చేసే ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత యంత్రానికి అంతకు మించిన మందు లేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఎన్నో ఏళ్ళుగా ఉబుంటు ఆధారంగా తయారు చేసుకున్న సొంత లినక్స్‌తోనే పిల్లలకు కంప్యూటరు నేర్పుతున్నాయి కనుక, ఇది బడిలో సాధ్యమేనా అని ఎవరైనా అడిగితే ఆ ఉదాహరణ చూపించండి.

ప్రశ్న: డబ్బు తీసుకోకుండా ఇచ్చే సాఫ్ట్‌వేరులో బ్యాంకు పనులు చేసుకోవచ్చా? దానిలో ఎవరైనా మోసం పెడితే ఎవరిని అడగాలి? (పలమనేరు నుంచి ఒక వ్యాపారి)

జవాబు: ఫైర్‌ఫాక్స్, క్రోమ్ లినక్స్‌లో కూడా ఉన్నాయి కనుక బ్రౌజరులో జరిగే బ్యాంకు పనికి ఇబ్బంది లేదు. అయితే వ్యాపారులు రెండు సంగతులు ముందుగా చూసుకోవాలి. ట్యాలీ విండోస్ కోసం తయారైన సాఫ్ట్‌వేరు. ఆధార్ వేలిముద్ర యంత్రాలకు కావలసిన సాఫ్ట్‌వేరు కూడా ఎక్కువగా విండోస్‌కు, ఆండ్రాయిడ్‌కు మాత్రమే దొరుకుతుంది. అవి మీకు నిత్యం అవసరమైతే ఆ యంత్రాన్ని మార్చకండి.

మోసం గురించి మీరు అడిగినది న్యాయమైన ప్రశ్న. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉండే ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్ళ పరిమాణం తగ్గించే చిన్న సాఫ్ట్‌వేరును ఎంతో కాలం ఒకే వ్యక్తి తీరిక వేళల్లో చూసుకుంటూ వచ్చారు. మారుపేరుతో వచ్చిన ఒకరు సుమారు రెండేళ్ళ పాటు సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన యంత్రంలోకి దూరం నుంచి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించి, కారణం వెతుకుతూ పోయి ఆ దొంగదారిని పట్టుకుని, మార్చి 29న అందరికీ తెలియజేశారు. సామాన్యులు వాడే స్థిరమైన వెర్షన్లలోకి అది చేరక ముందే తొలగించారు. సోర్సు కోడు (ప్రోగ్రాము రాసిన మూల పాఠం) అందరికీ తెరచి ఉండడం వల్లనే ఆయన దానిని చివరిదాకా వెతకగలిగారు. అలసిపోయిన ఒక్క మనిషి మీద అంత భారం పడినా ఎవరూ పట్టించుకోకపోవడం వల్లనే అది లోపలికి రాగలిగింది. ఈ రెండూ మనసులో పెట్టుకోండి. మీ వరకు, సాఫ్ట్‌వేరును ఆపరేటింగ్ సిస్టములోనే ఉండే సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి తప్ప ఇతర చోట్ల నుంచి దించుకోకండి.

ప్రశ్న: తిరుపతిలో ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాను. ఉబుంటులో సమస్య వస్తే ఫోరమ్‌లలో అడగవద్దు, అక్కడ కసురుకుంటారు, చాట్‌జీపీటీని గానీ డిస్కార్డ్ చాట్ గ్రూపులో గానీ అడుగు అని సీనియర్లు చెబుతున్నారు. పాత ఫోరమ్‌లు నిజంగా పనికిరాకుండా పోయాయా?

జవాబు: మీ సీనియర్ల అనుభవాన్ని నేను కాదనను. కొత్తవారి ప్రశ్నను చదవకుండానే, ముందే అడిగారంటూ మూసివేసిన సందర్భాలు చాలా ఉన్నాయి, అది ఆ వేదికలకు తీరని నష్టం చేసింది. అయినా మీరు ఏమి పోగొట్టుకుంటున్నారో తెలిసి నిర్ణయించుకోవాలి కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

1991 ఆగస్టు 25న ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ తాను ఒక ఆపరేటింగ్ సిస్టము రాస్తున్నానని, అందులో ఏమేమి ఉంటే బాగుంటుందో చెప్పండని యూజ్‌నెట్ అనే తొలినాటి చర్చల నెట్‌వర్కులో, మినిక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టము గురించిన వేదికలో అడిగాడు. అప్పటికి ఆయన వయసు ఇంచుమించు మీ వయసే. అంటే లినక్స్ బహిరంగంగా అడిగిన ఒక ప్రశ్నతో లోకానికి పరిచయమైంది. మెయిలింగ్ లిస్టులు, ఐఆర్‌సీ అనే పాత చాట్ పద్ధతి, ఫోరమ్‌లు కూడా ఇలాంటి చర్చలకు వేదికలయ్యాయి. ఇంటర్నెట్ అంతంత మాత్రంగా ఉన్న కాలంలో మన దేశంలో పత్రికలతో పాటు వచ్చే సీడీలు, 2011 వరకు ఉబుంటువారు పోస్టులో ఉచితంగా పంపిన సీడీలు ఎందరికో మొదటి లినక్స్‌ను చేతికి అందించాయి. వేసుకున్నాక ఎదురయ్యే తిప్పలకు జవాబులు దొరికినది మాత్రం ఆ బహిరంగ చర్చలలోనే. 2008లో స్టాక్ ఓవర్‌ఫ్లో, 2010లో ఆస్క్ ఉబుంటు అనే ప్రశ్నోత్తరాల సైట్లు వచ్చాక ఒకరు అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు, అదే చిక్కులో పడిన వేల మందికి వెతకగానే దొరికేది.

అలా బహిరంగంగా పోగుపడిన జవాబుల నిలవ ఒక్కొక్క చోట తరుగుతూ వస్తున్నది. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడ్డాయి. రచ్చబండ వంటి తెలుగు చర్చలకు కూడా ఒకప్పుడు అదే నెలవు. 2021 మేలో ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్కు యాజమాన్యం మీద వివాదం వచ్చి, దాన్ని నడిపిన స్వచ్ఛంద కార్యకర్తలు బయటికి వచ్చి లిబెరా చాట్ స్థాపించారు, అనేక స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు బృందాలు వారి వెంట వెళ్ళాయి. 2023 జూన్‌లో రెడ్డిట్ అనే చర్చల సైటు తన ఏపీఐకి (ఇతర యాప్‌లు దాని సమాచారాన్ని అందుకునే దారికి) పెట్టిన ధరకు నిరసనగా వేల చర్చావేదికలు కొన్ని రోజులు తలుపులు మూసుకున్నాయి. ఇవన్నీ ఒక ఎత్తు, 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక జరిగిన మార్పు ఒక ఎత్తు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్త ప్రశ్నల సంఖ్య బాగా పడిపోయింది. ప్రశ్నలు ఆగిపోలేదు, అవి ఒక మనిషికీ ఒక యంత్రానికీ మధ్య జరిగే సంభాషణలోకి తరలిపోయాయి. అక్కడ దొరికిన మంచి జవాబు మీ పక్క గదిలో అదే సమస్యతో కూర్చున్న విద్యార్థికి కూడా తెలియదు. డిస్కార్డ్, టెలిగ్రామ్ గ్రూపులలో మనుషులే జవాబు చెబుతారు, ఆప్యాయంగా కూడా చెబుతారు; కానీ డిస్కార్డ్‌లో చేరనివారికి ఆ సంభాషణ ఏ సెర్చ్ ఇంజనులోనూ కనిపించదు, చేరినవారికి కూడా ఆరు నెలల తరువాత వెతికి పట్టుకోవడం గగనమే.

కృత్రిమ మేధ ఇచ్చే జవాబులు ఏ నిలవ నుంచి నేర్చుకున్నవో, ఆ నిలవలో కొత్త జవాబులు చేరకపోతే రేపటి సమస్యకు అది నిన్నటి జవాబే చెబుతుంది. దీనికి మీరు స్వయంగా చూడగల ఉదాహరణ ఒకటి ఉంది. లినక్స్ తెరను గీసే వ్యవస్థ ఎక్స్11 నుంచి వేలాండ్‌కు మారుతున్నది. ఉబుంటు 21.04 నుంచి మామూలుగా వేలాండ్‌తోనే తెరచుకుంటున్నది, 25.10లో గ్నోమ్‌కు ఎక్స్11 సెషన్‌ను పూర్తిగా తీసివేశారు. అయినా తెర రిజల్యూషన్ మార్చడానికి ఎక్స్‌ర్యాండర్, కీలు మార్చడానికి ఎక్స్‌మాడ్‌మ్యాప్ వాడమనే సలహాలు ఇరవై ఏళ్ళ పాత చర్చలలో కుప్పలుగా ఉన్నాయి. చాట్‌బాట్ అవే తెచ్చి ఇస్తుంది, మీరు టైపు చేస్తారు, వేలాండ్‌లో అవి ఆశించినట్లు పని చేయవు.

అంత మాత్రాన చాట్‌బాట్‌ను వాడవద్దని చెప్పను. ఒక ఎర్రర్‌కు అర్థం తెలుసుకోవడానికి, ఒక కమాండులోని భాగాలను విడదీసి చూపించమని అడగడానికి అది మంచి సహాయకారి. కానీ సుడోతో (యంత్రం మీద పూర్తి అధికారం ఇచ్చే మాటతో) మొదలయ్యే కమాండు ఏది ఇచ్చినా, ఆ కమాండును వివరించే మ్యాన్ పేజీలో గానీ, ఆర్చ్ లినక్స్‌వారి ఆర్చ్ వికీలో గానీ సరిచూసుకోకుండా ఎంటర్ నొక్కకండి. ఉబుంటు వాడేవారికి కూడా ఆర్చ్ వికీ అంతటి నమ్మదగిన ఆధారం మరొకటి కనిపించదు. అక్కడ కూడా తేలకపోతే ఉబుంటువారి డిస్కోర్స్ అనే చర్చావేదికలోనో, గ్నోమ్, కేడీఈ వంటి ఆయా ప్రాజెక్టుల బహిరంగ వేదికలలోనో అడగండి. అడిగేటప్పుడు ఏ వెర్షను, ఏ యంత్రం, వేలాండా ఎక్స్11నా, ఏమి చేస్తే ఏమి జరిగింది, ఏ కమాండులు ఇప్పటికే ప్రయత్నించారు అన్నవి రాయండి. ఎర్రర్‌ను ఫోనుతో ఫొటో తీసి పెట్టకుండా అక్షరాలుగా అతికించండి, అప్పుడే అది వెతికేవారికి దొరుకుతుంది. ఇలా రాసిన ప్రశ్నను కసురుకునేవారు చాలా తక్కువ. డిస్కార్డ్‌లోనో చాట్‌బాట్‌లోనో జవాబు దొరికితే, పని చేసిందని నిర్ధారించుకుని, అదే ప్రశ్నను బహిరంగ వేదికలో వేసి జవాబు కూడా మీరే రాయండి. సొంత ప్రశ్నకు సొంత మాటల్లో జవాబు రాయడాన్ని స్టాక్ ఓవర్‌ఫ్లో, ఆస్క్ ఉబుంటు రెండూ అనుమతిస్తాయి; చాట్‌బాట్ రాసినదాన్ని మాత్రం అక్కడ అలాగే అతికించకండి. మీ తరం చేయవలసిన పనులలో దీనిని ముఖ్యమైనదిగా భావిస్తున్నాను.

ప్రశ్న: చంద్రగిరిలో ఉంటున్న రిటైర్డు ఉద్యోగిని. నాతో పాటు కొందరు మిత్రులు మింట్‌కు మారారు. తెలుగులో సాయం చేసుకోవడానికి వాట్సాప్ గ్రూపు పెట్టాలనుకుంటున్నాము. మీ సలహా ఏమిటి?

జవాబు: తప్పకుండా పెట్టండి. ప్రింటరు ఆగిపోయి కంగారుపడే మనిషికి వెంటనే పలికే గొంతు కావాలి, అది గ్రూపులోనే సాధ్యం. అయితే గ్రూపులో తేలిన ప్రతి సమస్యనూ ఒకరు బాధ్యతగా తీసుకుని, బహిరంగంగా కనిపించే ఒక పేజీలో తెలుగులో రాసిపెట్టే ఏర్పాటు మొదటి రోజు నుంచే చేసుకోండి. వాట్సాప్‌లో పడినది బయటివారు వెతికినా దొరకదు. తెలుగులో లినక్స్ గురించి వెతికితే దొరికేది చాలా తక్కువ కనుక మీరు రాసే పది పేజీలకు కూడా విలువ ఉంటుంది.

ఈ దారిలో మీ కంటే ముందు నడిచినవారు ఉన్నారు. స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి తెలుగు కంప్యూటింగు కోసం పని చేస్తూ, తెలుగు తెరతో లినక్స్‌ను రూపొందించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారు చేసిన బాస్ లినక్స్‌లో కూడా తెలుగు ఉంది. గ్నోమ్, లిబ్రే ఆఫీస్ తెరల మీద కనిపించే తెలుగు మాటల వెనుక స్వచ్ఛంద అనువాదకుల కృషి ఉంది, వాటిలో పూర్తికాని భాగాలు ఇంకా ఉన్నాయి. మీ మిత్రులలో భాష మీద పట్టు ఉన్నవారికి అది తగిన పని. లిబ్రే ఆఫీస్ అనువాదం బ్రౌజరులోనే వెబ్‌లేట్ అనే అనువాద సాధనం ద్వారా చేయవచ్చు.

పేజీలు రాసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. తెర తెలుగులో పెట్టుకున్నవారికి ఎర్రర్ తెలుగులోనే వస్తుంది, దానితో వెతికితే ఏమీ దొరకదు. అందుకని కొంతసేపు భాషను ఇంగ్లీషుకు మార్చి, అదే ఎర్రర్ ఇంగ్లీషులో ఎలా వస్తుందో చూసి, రెండు రూపాలనూ పేజీలో ఇవ్వండి. మింట్‌లోని సిస్టమ్ రిపోర్ట్స్‌లో యంత్రం వివరాలన్నీ ఒకేచోట ఉంటాయి, కాపీ చేసి పేజీ చివర అతికించవచ్చు. మింట్ ఏ వెర్షనో, ఏ తేదీన రాశారో పైన కనిపించేటట్లు వేయండి. రెండేళ్ళ తరువాత చదివేవారికి ఆ సలహా ఇంకా చెల్లుతుందో లేదో తెలుసుకునే ఆధారం అదొక్కటే. మొదటి పేజీగా, మింట్‌లో తెలుగు కీబోర్డును చేర్చే విధానాన్ని తెర బొమ్మలతో రాసి పంపితే, ఈ శీర్షికలో దాని చిరునామా ప్రచురిస్తాము.